శైలి సంగతి తరువాత, ముందు పరుపు కొలవండి

"ప్రతి బిడ్డకూ సహజమైన శైలి ఒకటి ఉంటుంది. పుస్తకంలో ఉన్నట్టే దూకమనడం వాడి ప్రతిభను నలిపివేయడమే." ఈ మధ్య తల్లిదండ్రుల నోట, కొందరు శిక్షకుల నోట కూడా తరచుగా వినిపిస్తున్న మాట ఇది. సంగీతానికి, చిత్రకళకు, చాలావరకు క్రికెట్‌కు కూడా ఈ మాట వర్తిస్తుందని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. పోల్‌వాల్ట్‌కు మాత్రం వర్తించదు. ఎందుకు వర్తించదో ఒక వైద్యుడిగా చెప్పవలసిన బాధ్యత నాపై ఉన్నదని భావించి ఈ వ్యాసం రాస్తున్నాను.

2008 మార్చిలో విమానాశ్రయం తెరుచుకున్న నాటికి శంషాబాద్ చుట్టూ పొలాలు, తోటలు ఎక్కువ. నేడు ఔటర్ రింగ్ రోడ్డుకు ఇరువైపులా నివాస సముదాయాలు, పెద్ద పెద్ద బడులు, వాటి వెనువెంట క్రీడా శిక్షణ కేంద్రాల బోర్డులు. వాటిలో అధికభాగం క్రికెట్‌వి, బ్యాడ్మింటన్‌వి. పోల్‌వాల్ట్ ఇంకా అరుదు. అయితే గాలి మారుతున్నది. 2022 జాతీయ క్రీడలలో శివ సుబ్రమణ్యం 5.31 మీటర్లు దూకి జాతీయ రికార్డు నెలకొల్పాడు. 2025లో మధ్యప్రదేశ్ కుర్రవాడు దేవ్ మీనా దానిని 5.32కు, కొద్ది నెలలకే 5.35కు పెంచాడు. అదే సంవత్సరం సెప్టెంబరులో టోక్యోలో స్వీడన్ క్రీడాకారుడు డుప్లాంటిస్ 6.30 మీటర్లు దాటిన దృశ్యం ప్రతి ఫోనులోకీ వచ్చింది. చూసిన పిల్లలకు ఉత్సాహం కలగడంలో వింత లేదు. ఆ ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. ఫోనులో చూసిన దానిని "శైలి" అని పేరు పెట్టి, పదమూడేళ్ల పిల్లవాడి చేతికి గడ ఇచ్చి, "నీకు ఎలా వస్తే అలా దూకు" అనడాన్నే తప్పుపడుతున్నాను.

ముందుగా ఈ దూకుడులో జరిగేది ఏమిటో అర్థం చేసుకోండి. పరుగెత్తుతూ వచ్చిన శరీరంలోని వేగం గడను వంచుతుంది. వంగిన గడ తిరిగి నిటారవుతూ శరీరాన్ని పైకి చేరవేస్తుంది. లెక్క సులభం. సెకనుకు 9 మీటర్ల వేగం పూర్తిగా ఎత్తుగా మారితే దాదాపు 4.1 మీటర్లు. శరీరపు గరిమనాభి మొదటే నేలకు మీటరు ఎత్తున ఉంటుంది కనుక మొత్తం ఐదు మీటర్లు దాటుతుంది. చివర చేతులతో నెట్టుకొనేది దానికి అదనం. అంటే ఎత్తులో సింహభాగం పరుగుది. ఆ పరుగంతా నేలలోకి 20 సెంటీమీటర్లు దిగిన ఒక చిన్న ఇనుప బాక్స్‌లో, రెప్పపాటు కాలంలో గడకు బదిలీ కావాలి. ఈ బదిలీ చక్కగా జరిగితే పిల్లవాడు పరుపు నడిబొడ్డున పడతాడు. జరగకపోతే పక్కకు పడతాడు, లేదా వెనక్కి, ఆ బాక్స్ మీదికే పడతాడు.

మూడు మీటర్ల ఎత్తునుండి జారిన శరీరం నేలను తాకేటప్పటి వేగం గంటకు సుమారు 28 కిలోమీటర్లు. నాలుగు మీటర్లనుండి అయితే 32. హెల్మెట్ లేకుండా, తల కిందికి ఉన్న స్థితిలో, స్కూటరు మీదనుండి పడినట్లు ఊహించుకోండి. 80 సెంటీమీటర్ల పరుపు ఆ వేగాన్ని నెమ్మదిగా మింగుతుంది. సిమెంటు అంచు మింగదు.

ఇక పాఠ్యపుస్తకం చెప్పేది. అది మనం అనుకునేంత పెద్ద గ్రంథం కాదు. టేకాఫ్ క్షణంలో పై చేయి పూర్తిగా చాచి తలకు పైన ఉండాలి. నేలను తన్నే పాదం ఆ చేతికి సరిగ్గా కింద ఉండాలి. గడ ముందుగానే, ఎత్తుగా బాక్స్‌లోకి చేరాలి. పరుగు తిన్నగా ఉండాలి. ఉక్రెయిన్ శిక్షకుడు విటాలీ పెట్రోవ్, ఆయన శిష్యుడు సెర్గీ బుబ్కా కలిసి ప్రపంచానికి చూపిన పద్ధతి సారాంశం దాదాపు ఇదే. బుబ్కా 1985 జూలైలో పారిస్‌లో మొదటిసారిగా ఆరు మీటర్లు దాటాడు. ఆరుబయట, లోపలి మైదానాలలో కలిపి 35 సార్లు ప్రపంచ రికార్డు తిరగరాశాడు.

పాదం ఆ గీతను దాటి బాక్స్ వైపు ముందుకు పడితే ఏమవుతుంది? పాదం ముందుకు, చేయి వెనక్కి. గడ బాక్స్‌కు తగిలిన తాకిడి భుజాన్ని వెనక్కి గుంజుతుంది, నడుము విల్లులా వెనక్కి వంగుతుంది, మరుక్షణమే కాళ్లు పైకి లేపడానికి అదే నడుము ముందుకు ముడుచుకోవాలి. వెన్నెముక అడుగుభాగంలో, ముఖ్యంగా ఐదవ నడుము పూసలో, ముందు భాగాన్ని వెనుక భాగంతో కలిపే సన్నని ఎముక వంతెన ఒకటి ఉంటుంది. పన్నెండు మొదలు పదిహేడేళ్ల వయసులో అది ఇంకా గట్టిపడుతూ ఉంటుంది. ఇనుప తీగను అటూ ఇటూ వంచితే తెగినట్లు, పదేపదే వెనక్కి వంగే నడుములో ఆ వంతెన చిట్లుతుంది. దీనిని వైద్యులు స్పాండిలోలైసిస్ అంటారు. జిమ్నాస్ట్‌లలో, ఫాస్ట్ బౌలర్లలో, పోల్‌వాల్టర్లలో ఇది సామాన్యుల కంటే ఎక్కువగా కనిపిస్తుంది. ఆటలాడే పిల్లవాడు రెండు మూడు వారాలకు పైగా నడుము నొప్పి అంటుంటే, ఒంటికాలిపై నిలిచి వెనక్కి వంగినప్పుడు ఆ నొప్పి హెచ్చుతుంటే, దయచేసి బామ్ రాసి మళ్లీ మైదానానికి పంపకండి. తొలి దశలో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, ఎమ్మారై అవసరం కావచ్చు. తొందరగా కనిపెట్టి విశ్రాంతి ఇస్తే చాలామందిలో తగ్గిపోయే జబ్బు ఇది.

అంటే, "వీడి స్టైల్ ఇంతే, కాస్త ముందుకు తన్నుతాడు" అని శిక్షకుడు నవ్వుతూ చెప్పే మాట వైద్యుని చెవికి మరో విధంగా వినిపిస్తుంది. అది శైలి కాదు. మెల్లగా జరుగుతున్న గాయం.

ఇప్పుడు ఎదుటి పక్షం వాదన. హైదరాబాదులో ఈ చర్చ ఎక్కడ మొదలైనా మూడో నిమిషానికి అజారుద్దీన్ ప్రస్తావన వస్తుంది. రావలసిందే. ఆఫ్ స్టంప్ బయటి బంతిని మణికట్టు తిప్పి ఆన్ వైపు పంపిన ఆ విద్య ఏ ఆంగ్ల శిక్షణ పుస్తకమూ నేర్పలేదు. తొలి మూడు టెస్టులలో మూడు శతకాలు వచ్చాయి. ఆ తరువాత మన లక్ష్మణ్. ఆపై బుమ్రా బౌలింగ్. సరే, అన్నీ నిజమే. అయితే పుస్తకానికి విరుద్ధంగా ఆడిన బంతి తప్పితే బ్యాట్స్‌మన్ వికెట్టు పోతుంది. పెవిలియన్‌కు నడిచి వెళ్తాడు, మర్నాడు మళ్లీ ఆడతాడు. తప్పుకు చెల్లించే మూల్యం ఏమిటన్నది చూడకుండా ఒక ఆట నీతిని మరో ఆటకు అంటగట్టడం తర్కం కాదు.

కొంచెం చదువుకున్నవారు ఫాస్‌బరీని తెస్తారు. ఇది బలమైన వాదన, అందుకే దీనిపై కొంచెం నిలుస్తాను. 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో అమెరికా యువకుడు డిక్ ఫాస్‌బరీ హైజంప్ బార్‌పై వెల్లకిలా, తల ముందుగా దాటి 2.24 మీటర్లతో బంగారు పతకం గెలిచాడు. అప్పటి పాఠ్యపుస్తకం బార్‌పై బోర్లా దొర్లి దాటమనేది. ఆ పుస్తకాన్ని ఒక్క మనిషి శైలి చించివేసింది. నేడు ప్రపంచమంతా వెల్లకిలానే దూకుతున్నది. దీనిని చూపి "చూశారా, పుస్తకాన్ని ధిక్కరించినవాడే గెలిచాడు" అంటారు. కాని ఆ కథలో ఒక పాత్రను అందరూ మరిచిపోతారు. ఇసుక, రంపపు పొట్టు కుప్పలు పోయి నురుగు పరుపులు వచ్చిన కాలం అది. ఇసుక మీద వెల్లకిలా, మెడపై పడగలవాడు ఎవడు? ఒకసారి పడితే రెండోసారి దూకడు. ఆ శైలికి చోటిచ్చింది పరుపే. ఫాస్‌బరీ ధైర్యాన్ని తక్కువ చేయడం లేదు, ఆ ధైర్యం కింద ఏముందో చూడమంటున్నాను.

కనుక మీ ఊరి మైదానంలో పరుపు సంగతి చెప్పకుండా శైలి సంగతి చెప్పే శిక్షకుడిని నేను నమ్మను. అంతర్జాతీయ నియమావళి ప్రకారం పెద్ద పోటీలలో ముందరి ముక్కలు కాక పరుపు కనీసం 6 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల మందం ఉండాలి. ఇతర పోటీలకు కూడా 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పుకు తగ్గరాదు. హైజంప్ పరుపులు రెండు జత చేసి, మధ్య సందులో గోనెసంచి కుక్కి, "చాలులెండి" అనడం ఈ దేశంలో సాధ్యమే. అది చాలదు. అమెరికాలో బోడెన్ అనే వైద్యుని బృందం 1982 నుండి 1998 వరకు జరిగిన 32 అతితీవ్ర పోల్‌వాల్ట్ ప్రమాదాలను పరిశీలించింది. వాటిలో సగానికి పైగా ఒకే తీరులో జరిగాయి: శరీరం పరుపు అంచున పడింది, తల బయటికి వాలి గట్టి నేలకు కొట్టుకున్నది. దాదాపు అన్నీ తల గాయాలే. 2003లో అక్కడ పరుపుల కనీస కొలతలు పెంచారు. అదే బృందం ఆ తరువాతి తొమ్మిదేళ్లను పరిశీలిస్తే, ప్రమాదాలలో ఎక్కువ భాగం బాక్స్ పరిసరాలకు మారాయి. అంటే పరుపు పెంచితే అంచు ప్రమాదం తగ్గింది. మిగిలినది టేకాఫ్ లోపం. దానికి బాక్స్ చుట్టూ మెత్త కూడా అవసరమే, కాని అసలు మందు ఆ పాఠ్యపుస్తకమే.

మరి డుప్లాంటిస్? అతని పరుగు, అతని తీరు బుబ్కాను పోలి ఉండవని చూసినవారందరికీ తెలుసు. అతనికి ముందు రికార్డు చేతబట్టిన ఫ్రాన్స్ దేశస్థుడు లావిలెనీ పొట్టివాడు, బుబ్కా వంటి దేహం కాదు. అయినా 2014లో 6.16 దూకి బుబ్కా 6.15ను దాటాడు. ఇవన్నీ శైలికి సాక్ష్యాలు కావా? అవును, సాక్ష్యాలే. అయితే డుప్లాంటిస్ తండ్రి స్వయంగా 5.80 మీటర్లు దూకిన వాల్టర్. తల్లి హెప్టాథ్లాన్ క్రీడాకారిణి. ఇంటి పెరట్లో పరుపు, పక్కన కొలిచి గడ ఇచ్చే తండ్రి. మనం చూసి మురిసిపోతున్న ఆ "సహజత్వం" అడుగడుగునా దిద్దుబాటుతో సాగిన బాల్యపు ఫలితం. మన పిల్లవాడికి లభించేది ఫోను తెరమీద పది సెకన్ల దృశ్యం. పరిస్థితులు ఒకటేనా?

నన్ను అడిగితే వీరందరికంటే ఇసిన్‌బయేవా ఉదాహరణ గొప్పది. ఆ రష్యా యువతి 2005 జూలైలో లండన్‌లో ఐదు మీటర్లు దాటింది. స్త్రీలలో అదే ప్రథమం. అంతటి రికార్డు చేతిలో ఉండగా, తనకు విద్య నేర్పిన గురువును వదిలి, ఆ సంవత్సరమే పెట్రోవ్ వద్ద చేరింది. లోకంలో తనను మించినవారు లేని రోజున టేకాఫ్‌ను మళ్లీ మొదటినుండి నేర్చుకోవడానికి వెళ్లింది. నాలుగేళ్ల తరువాత, 2009లో జూరిచ్‌లో, 5.06 దూకింది. ఆ తరువాత తొలి గురువు వద్దకే తిరిగి వచ్చింది. శైలి, పద్ధతి అనే రెండింటి మధ్య ఇలా రాకపోకలు సాగించగలవారికే వాటి విలువ తెలుస్తుంది. ఆరు నెలల శిక్షణతో "నా స్టైల్ నాది" అనే కుర్రవాడికి కాదు.

ఇక్కడ పాఠ్యపుస్తకపు భక్తులకు కూడా నాలుగు మాటలు చెప్పాలి. పుస్తకాన్ని ఛాయాచిత్రంగా భ్రమించేవారు వీరు. బుబ్కా బొమ్మను గోడకు అతికించి, అందరూ ఆ బొమ్మలా కనబడాలంటారు. ఒక పిల్లవాడి భుజం తల వెనక్కి తేలికగా వెళ్తుంది, మరొకడిది వెళ్లదు. ఒకడి తొడ వెనుక కండరాలు పొట్టివి. కొందరు ఆడపిల్లల కీళ్లు సహజంగానే వదులుగా ఉంటాయి. వారిని ఇంకా వంగమనడం అనర్థం. ఎత్తు పెరిగే వయసులో ఒక్క సంవత్సరంలోనే కాళ్లు చేతులు సాగిపోయి, నిన్న సరిపోయిన అడుగుల కొలత నేడు తప్పుతుంది. అప్పుడు కొలత మార్చాలి గాని పిల్లవాడిని తిట్టరాదు. కుడిచేతివాటం వారు కుడిచేయి పైన పట్టి ఎడమ కాలితో తన్నుతారు. ఎడమచేతివాటం బిడ్డకు ఇదంతా అద్దంలో బొమ్మలా తిరగబడాలి. మనవాళ్లకు ఎడమచేయి అంటే ఉన్న పాత వెగటు మైదానంలోకి కూడా వచ్చి, ఆ బిడ్డ చేత కుడిచేతి పట్టు పట్టిస్తే, పుస్తకాన్ని పాటించినట్టు కాదు, పుస్తకాన్ని అడ్డం పెట్టుకొన్నట్టు. గడను పరుగులో ఎలా మోయాలి, ఎన్ని అడుగుల పరుగు, పైకి లేచాక కాళ్లు ముడవాలా చాచి ఊపాలా, పరుగు లయ ఏమిటి, ఇవన్నీ దేహాన్ని బట్టి మారదగినవే. శైలికి అక్కడ కావలసినంత చోటు ఉంది.

మన నేలకు గడ విద్య కొత్తది కాదు. దొమ్మరివారు ఊరి నడుమ గడ పాతి, దాని కొసన చేసే విన్యాసాలు పాతతరం వారు చూసే ఉంటారు. ఆ విన్యాసం ఎంత స్వేచ్ఛగా కనిపించినా, చిన్ననాటి నుండి పెద్దలు కట్టుదిట్టంగా నేర్పిన పట్టు దాని అడుగున ఉండేది. వారికి పరుపు లేదు. పట్టే పరుపు. ఆ కుటుంబాలు మూల్యం ఎలా చెల్లించేవో ఎవరూ లెక్క రాయలేదు, అది వేరే విషయం.

గడ సంగతి చెప్పకుండా ముగించలేను, ఎందుకంటే శైలి గురించి వాదించేవారెవ్వరూ దీనిని ప్రస్తావించరు. అంతర్జాతీయ నియమావళి గడ పొడవును, పదార్థాన్ని క్రీడాకారుని ఇష్టానికే వదిలేసింది. అదే అమెరికా పాఠశాలల పోటీలలో, గడపై తయారీదారు ముద్రించిన బరువు కంటే పిల్లవాడి బరువు ఎక్కువ ఉండరాదని నియమం. పెద్దలకు స్వేచ్ఛ, పిల్లలకు కట్టుబాటు: ఈ తేడా ఊరకే పెట్టలేదు. తన బరువుకు తక్కువైన గడ అతిగా వంగుతుంది, విరగవచ్చు. పట్టు మరీ ఎత్తులో పెట్టుకొని, పరుగు చాలకపోతే గడ నిటారు కాకుండానే ఆగి, పిల్లవాడిని బాక్స్ మీదికి దించుతుంది. ఇప్పుడు మన వాస్తవం చూడండి. నాలుగైదు మీటర్ల పొడవు, మడవడానికి వీల్లేని వస్తువు. బస్సులో పట్టదు, రైలులో గొడవ. శంషాబాద్ నుండి విమానంలో పంపాలంటే అది సాధారణ సామాను కాదు. ఆ విమానంలో అంత పొడవైన చోటు ఉన్నదా లేదా అన్నది ముందే కనుక్కోవాలి. ఒలింపిక్స్‌లోనే, 2008 బీజింగ్‌లో, బ్రెజిల్ క్రీడాకారిణి మూరెర్ గడ ఫైనల్ మధ్యలో కనిపించకుండా పోయింది. మన జిల్లాస్థాయి పిల్లల గతి చెప్పనక్కరలేదు: పోటీ చోటికి వెళ్లి, ఎవరిదో గడ అడిగి తీసుకొని, దానిపై ముద్రించిన అంకె చూడకుండా దూకుతారు. అరువు గడతో దూకినవాడు బాగా దూకితే "ఏ గడతోనైనా దూకగలడు, అదీ వాడి శైలి" అంటారు. అదృష్టాన్ని శైలి అనడం ఇదే మొదటిసారి కాదు.

విమానాశ్రయం ఎలాగూ మన గడపలో ఉంది కనుక ఒక పోలిక. అక్కడి పెద్ద రన్‌వే పొడవు 4,260 మీటర్లు. వేల గంటలు నడిపిన పైలట్ కూడా ప్రతి టేకాఫ్‌కు ముందు తనిఖీ పట్టిక చదువుతాడు. "నాకొక సొంత శైలి ఉంది" అనే పైలట్ నడిపే విమానంలో మీరు కూర్చుంటారా? అంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి. పరుగులో ఒక వేగం నిర్ణయించి ఉంటుంది. ఏదైనా తేడా కనిపిస్తే ఆ వేగం చేరేలోపే ఆగాలి, చేరాక ఆగరాదు. పోల్‌వాల్టర్‌కూ అటువంటి హద్దు ఒకటి కావాలి. అడుగుల కొలత తప్పిందని తెలిసిన క్షణంలో, గడ బాక్స్‌ను తాకకముందే, గడ ఎత్తి పట్టుకొని పరుపు మీదికి పరుగెత్తి వెళ్లిపోవడం నేర్చుకోవలసిన విద్య. నేర్పవలసిన విద్యలలో మొదటిది. మన గట్లమీద కూర్చున్న పెద్దలు దానిని "భయపడ్డాడు" అంటారు. దయచేసి మీరు అనకండి. మీ పక్కవాడు అంటే ఊరుకోకండి.

మీ బిడ్డను ఏ కేంద్రంలోనైనా ఈ ఆటకు చేర్పించే ముందు ఒక టేపు తీసుకొని వెళ్లండి. పరుపు కొలవండి. ముక్కల మధ్య సందులున్నాయా, పైన అన్నిటినీ కలిపే కప్పు ఉన్నదా చూడండి. పరుపు చుట్టూ నేల గట్టిదా, రాళ్లున్నాయా, బార్ స్తంభాల అడుగు ఇనుము కప్పి ఉన్నదా గమనించండి. బిడ్డ బరువు తూచి, ఇస్తున్న గడపై అంకె చదవండి. శిక్షకుడిని "మావాడి టేకాఫ్ పాదం ఎక్కడ పడుతున్నది?" అని అడగండి. మంచి శిక్షకుడైతే ఆ ప్రశ్నకు సంతోషించి నేలమీద గుర్తు చూపిస్తాడు.

ఎవరైనా మెడపై పడితే లేపి కూర్చోబెట్టవద్దు, నీళ్లు తాగించవద్దు, భుజాలకెత్తి కారులో వేయవద్దు. తలను, మెడను ఉన్న స్థితిలోనే ఒకరు రెండు చేతులతో కదలకుండా పట్టుకోవాలి, ఊపిరి ఆడుతున్నదీ లేనిదీ చూడాలి, 108కి ఫోను చేయాలి. ఊపిరి ఆడకపోతే మాత్రం మెడ సంగతి పక్కనపెట్టి ఊపిరే ముందు చూడాలి. పడిన వెంటనే లేచి నవ్విన పిల్లవాడు కూడా ఆ రోజు మళ్లీ దూకరాదు. ఆ రాత్రి వాంతులు, మగత, చేతులు కాళ్లలో తిమ్మిరి ఉంటే ఆలస్యం చేయకండి. శంషాబాద్ రహదారిలో సాయంత్రపు రద్దీ మీకు తెలియనిది కాదు. మెదడు, వెన్నెముక శస్త్రచికిత్స చేయగల ఆసుపత్రి దగ్గరలో ఏది, రాత్రివేళ అక్కడ సీటీ స్కాన్ నడుస్తుందా అని శిక్షణ కేంద్రం వారిని అడగండి. వారికి తెలియకపోతే, తెలుసుకొనే వరకు మీ పిల్లవాడిని పరుగుకు మాత్రమే పంపండి.